ఒకే షేరుని మళ్లీ మళ్లీ కొని అమ్మడం – నా నోటుబుక్కు లెక్కలు

పోస్ట్ కాస్త పెద్దది. తీరిక చూసుకొని చదవండి.

పోయిన నెల మన హాస్టల్ జూనియర్ తమ్ముడొకడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. "అన్నా, ఒక మంచి షేరు పట్టుకొని, పడినప్పుడు కొని, పెరిగినప్పుడు అమ్మి, మళ్లీ పడితే మళ్లీ కొంటే అయిపోద్ది కదా, ఇంక కోచింగ్ ఎందుకు?" అని. వాడి వెనకే ఇంకో నలుగురు ఇదే అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా ఇక్కడే రాసేస్తే మేలు అనిపించింది. ఎందుకంటే 2023 నుంచి నేను చేస్తున్నది అచ్చంగా అదే పని. ఒకే కంపెనీ, ఎన్‌ఎండీసీ. ప్రతిసారీ తేదీ, ధర, ఎందుకు కొన్నాను, ఎందుకు అమ్మాను అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం ముందు పెట్టుకొనే ఇది రాస్తున్నా. ఫలానా షేరు కొనండి, అమ్మండి అని ఎవరికీ చెప్పట్లేదు. అలా సలహా ఇవ్వాలంటే సెబీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, నేను కాను.

మాది అనంతగిరి మండలం. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో బీకాం చేసి, ఇప్పుడు ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. వేల కంపెనీల్లో ఎన్‌ఎండీసీయే ఎందుకంటే, మా ఊరివాళ్లకి దాని సరుకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కిరండూల్ నుంచి కొత్తవలసకి వచ్చే కేకే లైను మా కొండల్లోంచే పోతుంది. 1960లలో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికే ఆ లైను వేశారు. బైలడిల్లా కొండల్లో తవ్విన ఎర్రమట్టి రంగు రాయి రాత్రీ పగలూ మా ముందు నుంచే సముద్రం వైపు దిగిపోతుంటుంది. రైలు చూస్తూ పెరిగాం గానీ అందులో ఉన్నది ఎవరిది, టన్ను ఎంత అని ఎవరం అడగలేదు. కంపెనీ కేంద్ర ప్రభుత్వానిది, 1958లో పెట్టారు, హెడ్డాఫీసు హైదరాబాదులోనే ఉంది. ఇదంతా నాకు డిగ్రీ అయ్యాక తెలిసింది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు సంత గురించి రెండు మాటలు. మనలో చాలామందికి కొనడం అమ్మడం అంటే మొదట తెలిసింది అక్కడే. మార్చి, ఏప్రిల్‌లో చింతపండు వస్తుంది. మా నాన్న దాన్ని అప్పుడే అమ్మేవాడు. ధర బాగుందని కాదు, షావుకారు దగ్గర అప్పు ఉందని, జూన్‌లో విత్తనాలకి డబ్బు కావాలని. అదే షావుకారు ఆ చింతపండునే నిలవ చేసి వానాకాలంలో మాకే అమ్మేవాడు. మా చెట్టు పండుని మేమే మళ్లీ కొనుక్కున్న సంవత్సరాలు ఉన్నాయి. జీసీసీ డిపోలో వేస్తే ఒక ధర ఉండేది, కానీ అప్పు డిపోలో లేదు కదా, షావుకారు దగ్గర ఉంది. అంటే ఒకే సరుకుని మళ్లీ మళ్లీ కొని అమ్మడంలో ఇద్దరు మనుషులుంటారు. ఒకడు ధర చూసి అమ్ముతాడు, ఇంకొకడు అవసరం చూసి అమ్ముతాడు. షేర్ల యాప్‌లో ఈ తేడా కనపడదు. బటన్ ఒకటే.

ఇప్పుడు నా లెక్కలు.

2023 మార్చిలో 100 షేర్లు 112 రూపాయల చొప్పున కొన్నాను. 11,200 అయింది. కొనే ముందు మూడు నెలలు ఊరికే చదివాను. 2022 మే 21న కేంద్రం ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతం దాకా పెంచింది. మార్కెట్ తెరవగానే ఈ షేరు ఒక్కరోజులో పది శాతం పైనే పడింది. ఎన్‌ఎండీసీ ఎక్కువగా దేశం లోపలే అమ్ముతుంది కదా, దానికేంటి అనుకుంటాం. బయటికి పోవాల్సిన ఖనిజం లోపలే ఉండిపోతే లోపలి ధర పడుతుంది, అదీ సంగతి. నవంబరులో ఆ పెంపుని వెనక్కి తీసుకున్నారు. అంటే ఈ కంపెనీ బాగా నడుస్తోందా లేదా అన్నది ఒక ఎత్తు, ఢిల్లీలో ఏం జీవో వస్తుంది, చైనాలో ఇళ్లు కడుతున్నారా లేదా అన్నది ఇంకో ఎత్తు. రెండోదాని మీదే షేరు ఎక్కువ ఊగుతుంది. అలా ఊగేదాన్నే మళ్లీ మళ్లీ కొని అమ్మడానికి వీలవుతుంది. నిలకడగా ఉండేదానితో ఆ పని కుదరదు.

2023 సెప్టెంబరులో 60 షేర్లు 146కి అమ్మాను. 8,760 వచ్చింది. ఇక్కడ నోటుబుక్కులో "ఎందుకు" అన్నచోట ధర గురించి ఏమీ లేదు. "చెల్లి జీఎన్‌ఎం ఫీజు" అని ఉంది. నర్సింగ్ కాలేజీలో మొదటి ఏడాది కట్టాలి, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో మనందరికీ తెలిసిందే. తర్వాత డిసెంబరుకి షేరు 200 చేరింది. రూమ్మేట్లు "తొందరపడ్డావురా" అన్నారు. నేను అలా అనుకోను. ఫీజు తేదీ సెప్టెంబరులో ఉంటే షేరు డిసెంబరులో పెరిగి మా చెల్లికి ఏం లాభం? వడ్డీకి తెచ్చి కట్టి, షేరు పెరుగుతుందని కూర్చునేది షావుకారు లెక్క కూడా కాదు, జూదం లెక్క.

2024 మార్చిలో ప్రపంచ మార్కెట్లో ఇనుప ఖనిజం బాగా పడింది, దాంతోపాటు ఇదీ దిగింది. 194 దగ్గర 30 కొన్నాను. మే నెలలో 260 దాటాక 30 అమ్మేశాను. ఈ రెండూ ధర చూసి చేసినవే. నా కొలత చాలా మోటుది. కంపెనీ ఏడాదికి ఒక్కో షేరు మీద ఎంత సంపాదిస్తోంది, మనం దానికి ఎన్ని రెట్లు ఇస్తున్నాం, అంతే. 2022-23లో కంపెనీ లాభం సుమారు 5,600 కోట్లు, షేరుకి 19 రూపాయల చిల్లర. 2023-24లో కూడా దాదాపు అంతే. నేను మొదట కొన్నప్పుడు ధర దానికి ఆరు రెట్లు. మే నెలలో పదమూడు దాటింది. లాభం ఉన్నచోటే ఉంది, ధర మాత్రం రెట్టింపు దాటింది. అంటే పెరిగింది కంపెనీ కాదు, జనం ఆశ. ఆశని అమ్మాలి అనిపిస్తే అమ్మొచ్చు. కానీ అది ఇంకో ఆరు నెలలు పెరగదని ఎవరూ హామీ ఇవ్వరు.

మా తమ్ముడు రైల్వేలో పాయింట్స్‌మన్. డ్యూటీ ఆ లైను మీదే. వాడు అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నా, ఈ వారం రేకులు ఎక్కువ వచ్చాయి, షేరు పెరుగుద్దా?" అంటాడు. నవ్వొస్తుంది గానీ వాడి తెలివికి మెచ్చుకోవాలి. అయితే నెల తిరగ్గానే ఎంత తవ్వారు, ఎంత అమ్మారు అని కంపెనీయే ఎక్స్‌ఛేంజీకి రాసి పంపుతుంది. లంప్, ఫైన్స్ అని రెండు రకాల ఖనిజం ధరలు కూడా ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. వానాకాలంలో గనుల్లో పని తగ్గుతుంది, జనవరి నుంచి మార్చి దాకా జోరుగా ఉంటుంది. ఇది మనకి తెలిసినట్టే బొంబాయిలో ఏసీ గదిలో కూర్చున్నవాడికీ తెలుసు. కాబట్టి "వానాకాలంలో కొని మార్చిలో అమ్మితే సరి" అనే సూత్రం పనిచేయదు. అందరికీ తెలిసిన విషయం అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు తమ్ముళ్లు అడిగిన అసలు ప్రశ్న. ఇంత చేసి ఎంత మిగిలింది?

2025 మేలో షేరు 73 దగ్గర ఉంది. (200 పైన ఉన్నది 73 ఎందుకయిందో కింద చెప్తాను, కంగారు పడకండి.) ఆ రోజు కూర్చొని లెక్క వేశాను. పెట్టింది 11,200, మళ్లీ 5,820. వచ్చింది 8,760, 7,800. చేతిలో మిగిలిన పాత షేర్ల విలువ 8,760. తర్వాత కొన్నవి పక్కన పెడితే మొత్తం లాభం 8,300. ఇప్పుడు ఇంకో మనిషిని ఊహించుకోండి. నాతోపాటే 100 షేర్లు 112కి కొని, యాప్ తీసేసి, పోడు పనికి పోయాడు. వాడి లాభం 10,700. డివిడెండ్ కూడా వాడికే ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో షేరుకి 5.75 ఇచ్చారు. నాకు 40 షేర్ల మీద 230 వస్తే, వాడికి 575. నేను కొన్న ప్రతిసారీ సరిగ్గానే కొన్నాను, అమ్మిన ప్రతిసారీ లాభానికే అమ్మాను. అయినా ఏమీ చేయనివాడు నాకంటే 2,400 ముందున్నాడు. "ప్రతిసారీ లాభమే" అని గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లని ఈ రెండో లెక్క కూడా అడగండి. సగం మంది చూపించరు.

నా వెనక ఫీజు ఉంది కాబట్టి ఆ తేడా నాకు బరువు కాదు. కానీ ఏ అవసరమూ లేకుండా, ఊరికే చేతులు దురదపెట్టి చేసేవాడికి అది బరువే. ఇక రోజులో నాలుగుసార్లు చేసేవాళ్ల సంగతి సెబీయే లెక్క తీసింది. 2022-23లో కొన్నరోజే అమ్మేసినవాళ్లలో పదిమందిలో ఏడుగురికి నష్టం. ఏడాదికి 500 సార్లకంటే ఎక్కువ చేసినవాళ్లలో 80 శాతం నష్టపోయారు. ఎక్కువ చేసేకొద్దీ చేయి తిరుగుతుంది అనుకుంటాం. లెక్క తలకిందులుగా ఉంది.

ఖర్చులు కూడా చూడండి. కొన్నా అమ్మినా ఎస్‌టీటీ 0.1 శాతం. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ. ఇవి చిన్నవే. మనలాంటివాళ్లకి తగిలేది డీపీ ఛార్జీ. అమ్మిన ప్రతిరోజూ, ఒక్కో కంపెనీకి, ఎన్ని షేర్లయినా ఒకటే రేటు, బ్రోకర్‌ని బట్టి పదిహేను రూపాయల అటూఇటూ. లక్ష రూపాయల షేర్లు అమ్మేవాడికి అది ఉప్పు రాయి. 73 రూపాయలవి పది అమ్మేవాడికి 730లో రెండు శాతం. పేదవాడు తక్కువ కొలతలో కొంటే ఎక్కువ ధర పడుతుందని సంతలో చూశాం కదా, ఇక్కడా అంతే.

పన్ను గురించి మనలో ఒక పెద్ద అపోహ ఉంది. "ఎస్టీలకి ఇన్‌కమ్ టాక్స్ లేదంట కదా" అని. చట్టంలో అలాంటి మినహాయింపు ఒకటి ఉంది, నిజమే. కానీ అది ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్ణీత ప్రాంతాల్లో, లద్దాఖ్‌లో ఉండే ఎస్టీలకి. మన ఏజెన్సీకి వర్తించదు. మనది అయిదో షెడ్యూలు ప్రాంతం. కాబట్టి అందరిలాగే మనకీ. ఏడాది లోపల అమ్మితే లాభం మీద 2024 జూలై 23కి ముందు 15 శాతం, ఆ తర్వాత 20. ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. వేరే ఆదాయం ఏమీ లేని విద్యార్థులకి బేసిక్ మినహాయింపులోనే ఈ లాభం సర్దుకుంటుంది, భయపడొద్దు.

ఇప్పుడు ఆ 73 సంగతి. 2024 డిసెంబరు 27న ఎన్‌ఎండీసీ ఒక షేరుకి రెండు బోనస్ ఇచ్చింది. 200 పైన ఉన్న షేరు పొద్దున్న తెరిచేసరికి 70 దగ్గర కనిపించింది. నాకు ఆ రోజు తొమ్మిది ఫోన్లు. "అన్నా, కూలిపోయింది!" అని. కూలలేదురా, ఒక రొట్టెని మూడు ముక్కలు చేశారంతే. నా 40 షేర్లు 120 అయ్యాయి. ఆ కంగారులో అమ్మేసినవాళ్లు ఉన్నారో లేదో గానీ, బోనస్ అనగానే మూడు రెట్లు డబ్బు వచ్చిందని సంబరపడినవాళ్లని మాత్రం చూశాను. రెండూ ఒకటే అజ్ఞానం, రంగు వేరు.

మళ్లీ మళ్లీ కొనేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది దీని తర్వాత వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ధర దిగినప్పుడు 63 చొప్పున 100 కొన్నాను. మేలో 73 అయింది. "వంద అమ్మితే వెయ్యి లాభం" అని యాప్ పచ్చరంగులో ఊరిస్తోంది. కానీ పన్ను లెక్కలో "నేను ఫిబ్రవరిలో కొన్నవే అమ్ముతున్నాను" అంటే కుదరదు. డీమ్యాట్‌లో ముందు వచ్చినవి ముందు పోతాయి. రేషను షాపులో పాత బస్తా ముందు విప్పినట్టు. అంటే నేను వంద అమ్మితే మొదట పోయేవి 112కి కొన్న పది, 194కి కొన్న ముప్పై, ఆ తర్వాత డిసెంబరు బోనస్‌లో అరవై. బోనస్ షేరుకి కొన్న ధర సున్నా కింద లెక్క. కాబట్టి ఆ అరవై మీద వచ్చిన 4,380 మొత్తం లాభమే, పైగా ఏడాది నిండలేదు కాబట్టి 20 శాతం, 876 రూపాయలు, దాని మీద సెస్సు. మొదటి 40 మీద 4,020 నష్టం కనిపిస్తుంది, కానీ అది ఏడాది దాటిన నష్టం. దాన్ని ఏడాది లోపు లాభంలోంచి తీసేయనివ్వరు. చూశారా, యాప్‌లో వెయ్యి లాభం, అందులో 900 పైనే పన్నుకి. నోటుబుక్కులో ఈ లెక్క వేసుకున్నాక ఫోన్ జేబులో పెట్టేశాను.

ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్లు ఈ పేరా వదలొద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. పదహారో రూలు ప్రకారం షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదు. అప్పుడప్పుడు రిజిస్టర్డ్ బ్రోకర్ ద్వారా పెట్టుబడి పెట్టుకోవచ్చు. కానీ తరచుగా కొనడం, అమ్మడం, లేదా రెండూ చేస్తే దాన్ని స్పెక్యులేషన్ కిందే చూస్తాం అని ఆ రూలు కిందనే వివరణ రాసి ఉంది. రైల్వేకి 1966 రూల్స్ వేరే ఉన్నాయి, అందులోనూ ఇదే మాట. కేంద్ర ఉద్యోగి ఒక క్యాలెండర్ సంవత్సరంలో చేసిన లావాదేవీల మొత్తం ఆరు నెలల బేసిక్ పే దాటితే ఆఫీసుకి తెలియజేయాలి కూడా. కొన్నవీ, అమ్మినవీ రెండూ కలుస్తాయి. అంటే ఒకే పదివేలని పదిసార్లు తిప్పితే చేతిలో పదివేలే ఉన్నా లెక్కలో ఎక్కడికో పోతుంది. రాష్ట్ర ఉద్యోగులు చేరగానే తమ రూల్స్ అడిగి తీసుకొని చదవండి.

మా తమ్ముడికి ఇది చెప్పినప్పుడు వాడి మొహం మాడిపోయింది. "అయితే నీ అకౌంట్‌లో నా డబ్బు పెట్టి తిప్పు" అన్నాడు. కుదరదన్నాను. ఇంట్లో మొదటి గవర్నమెంటు ఉద్యోగం అది. రెండు మూడు వేల కోసం దాని మీద ఒక చార్జి మెమో పడితే, దాన్ని తుడుచుకోవడానికి మనకి వెనక ఎవరున్నారు? నెలకి అయిదొందలు మ్యూచువల్ ఫండ్‌లో వేసుకోమన్నాను. ఇంకా అలకలోనే ఉన్నాడు.

చివరిగా, పోయినసారి నేను ఈ కంపెనీ పేరు చెప్పినప్పుడు ఒక అక్క కామెంట్ పెట్టింది. "కొండ తవ్వే కంపెనీలో నువ్వు వాటాదారువా తమ్ముడూ?" అని. ఆ ప్రశ్న సరైనదే. 2019 జూన్‌లో కిరండూల్‌లో వేలమంది ఆదివాసీలు రోజుల తరబడి కూర్చున్నారు, పదమూడో నంబరు డిపాజిట్ ఉన్న నందరాజ్ కొండ వాళ్ల దేవుడు అని. ఆ డిపాజిట్ ఎన్‌ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ సంస్థ కలిసి పెట్టిన కంపెనీది. నేను షేరు కొన్నా కొనకపోయినా తవ్వకం ఆగదు అనే మాట చెప్పి తప్పించుకోను. నిజమే ఆగదు, కంపెనీలో 60 శాతం పైన ప్రభుత్వానిదే. కానీ షేరు ఉన్నందుకు వార్షిక నివేదిక వస్తోంది. ఏ డిపాజిట్ లీజు ఎప్పటిదాకా, ఏ ఊళ్లలో ఏం ఖర్చు పెట్టామంటున్నారు అన్నది చదువుతున్నాను. వార్షిక సమావేశంలో ఆన్‌లైన్‌లో ఓటు వేసే హక్కు వంద షేర్లకీ ఉంది. రైలు పోతుంటే చూడటం కన్నా ఇది ఒక మెట్టు ఎక్కువ అని నా అభిప్రాయం. అక్క ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఇంకో కంపెనీలో పెట్టుకోవచ్చు కదా అంటుంది. ఆ మాట నా నోటుబుక్కులో "ఎందుకు అమ్మాలి" అన్న పేజీలో రాసి పెట్టుకున్నాను, ఇంకా కొట్టేయలేదు.

ఇప్పుడు నా దగ్గర 220 ఉన్నాయి. సెప్టెంబరులో చెల్లి మూడో ఏడాది ఫీజు కట్టాలి. అందుకు పాత 40 అమ్ముతాను. వాటి మీద నష్టమే కనిపిస్తుంది కాబట్టి పన్ను లేదు, గడువులోపు రిటర్న్ వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లొచ్చు. చాలని డబ్బు జీతంలోంచి. బోనస్ షేర్లకి డిసెంబరు చివరికి ఏడాది నిండుతుంది, అప్పటిదాకా వాటిని కదపను. ఎవరికైనా తమ స్టేట్‌మెంట్‌లో ముందువి ముందు పోయే లెక్క అర్థం కాకపోతే, పేరు, పాన్ నంబరు కొట్టేసి ఫొటో పెట్టండి. ఆదివారం కూర్చొని చూస్తాను.